అవ్వ కూర్చునే తావు

మొన్న మా మనవరాలు నన్ను కొత్త పార్కు చూపిస్తానని తీసుకెళ్ళింది. నగరంలో ఈ మధ్యే కట్టారు. రంగు దీపాలు, ఎక్కడినుంచో తెచ్చి నాటిన మొక్కలు, ముఖం చూసుకునేంతగా తోమిన స్టీలు బెంచీలు. ఒక్కొక్కటీ తానే కట్టించినట్టు చూపించింది. "ఎలా ఉందవ్వా?" అంది. "బాగానే ఉంది. మనుషులేరే?" అన్నాను. చుట్టూ చూసింది. మేమిద్దరం, గేటు దగ్గర కునికే వాచ్‌మన్ తప్ప పురుగు లేదు. "ఎందుకో ఎవరూ రావడంలేదట" అంది. నేను బెంచీ మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసి, పడమటి దిక్కుకు ఒకసారి చూసి పకపకా నవ్వాను. ఇంత వయసొచ్చి పార్కులో నిలబడి అలా నవ్వితే పిల్ల భయపడదూ! అందుకని ఇంటికొచ్చేదాకా దారిపొడుగునా దానికి చెప్పిన సంగతే ఇది. అప్పుడు నాకు పదేళ్ళు.

మాది కడప సీమలో ఎండకు పేరుబడ్డ ఊరు. కచ్చేరీ, బస్టాండు, చెనక్కాయల మండీ, మునిసిపాలిటీ ఉన్నాయి కాబట్టి కాగితాల మీద పట్నం. మిగతా అన్నిటికీ పల్లె. నేల తవ్వితే నీళ్ళు పడవుగానీ బండ పడుతుంది. ఇంటి గోడ బండ, నేల బండ, పైకప్పు బండ, వాకిట అరుగూ బండే. ఈ ఊరికి పిల్లనిస్తే తిండికేమోగానీ కూర్చోవడానికి కరువుండదని మావాళ్ళే ఎగతాళి చేసుకునేవారు.

బస్టాండులో దిగి సంతకు పోయేవాళ్ళంతా మా వీధిలోంచే నడవాలి. రెండు వరసల ఇళ్ళు, ఇంటింటికీ ఒక అరుగు. పొద్దున పూట తూర్పు వరస అరుగుల మీద నీడ ఉంటుంది. మాది ఆ వరసే. భోజనాలయ్యేసరికి ఎండ మావైపు తిరుగుతుంది, నీడ ఎదుటి వరసకు పోతుంది. అప్పుడు వీధిలోని ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ చాటలు, చింతపండు బుట్టలు, చంటిపిల్లలతో సహా ఒక్కుమ్మడిగా లేచి ఎదుటి అరుగుల మీదికి మారేవాళ్ళు. నీడ మారే వేళ అనేవాళ్ళం దాన్ని. ఆ హడావిడిలో ఎవరి చాట ఎవరిదో తెలిసేది కాదు. మా పిల్లమూకకు అదే అదను. చెనక్కాయలు, బెల్లంముక్కలు లంగా మడతల్లోకి పోయేవి. తప్పు ఎదురింటి మేక మీద పడేది. పాపం, మేము తిన్న బెల్లానికి అది ఎన్ని దెబ్బలు తిన్నదో!

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఆ వీధికంతటికీ పెద్ద. మోకాళ్ళు పట్టేసి నాలుగడుగులు వేయాలంటే కర్ర కావాలి. అయినా అరుగు మీద కూర్చుంటే ఆమెకు తెలియని సంగతి ఊళ్ళో జరిగేది కాదు. "కాళ్ళు సచ్చినా నోరు బతికే ఉండాదిలే" అని తనే నవ్వేది. దారిన పోయేవాడు ఎవడైనా సరే, "యాడికప్పా పోతాండావు ఈ ఎండలో? రా, కూచో. నీళ్ళు తాగి పోదువు" అని పిలిచేది. కమలాపురం దిక్కునుంచి వంకాయల గంపతో వచ్చే ఆమె, బనగానపల్లె మామిడిపండ్లు తెచ్చే ముసలాయన, జడ్జిమెంటు కోసం కచ్చేరీకి వచ్చి ఓడిపోయిన రైతు, అందరూ మా అరుగు మీద కాసేపు కూర్చునే పోయేవాళ్ళు. మామిడిపండ్ల ఆయన పోతూ పోతూ ఒక పండు అవ్వ చేతిలో పెట్టేవాడు. ఆ పండు వాసన సాయంత్రం దాకా మా ఇంట్లోనే తిరిగేది. పక్క సందులోని గానుగ నూనె వాసన, ఎవరింట్లోనో వేయించే మిరపకాయల ఘాటు, నీళ్ళు చల్లిన బండ నుంచి లేచే ఆవిరి, వీటన్నిటి మధ్యా అవ్వ గొంతు. నాకు ఊరంటే అదే.

ఆ ఏడు బస్సులు, లారీలు ఎక్కువైనాయని వీధిని వెడల్పు చేయాలనుకున్నారు మునిసిపాలిటీ వాళ్ళు. ఇళ్ళ జోలికి రారట. ముందుకొచ్చిన అరుగులు మాత్రం తీసేస్తారట. ఒకరోజు పొద్దున్నే గడ్డపారలతో వచ్చారు. మా నాయన మునిసిపాలిటీ బళ్ళో అయ్యవారు. నోరెత్తితే ఉద్యోగానికి ఎసరు. తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. అవ్వ మాత్రం ఆఖరి బండ మీదినుంచి లేవలేదు. గడ్డపార వాడు చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. చివరికి మా నాయన చెయ్యి అందించాడు. అవ్వ ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసి, లేచి లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత గడప దాటితే నేరుగా రోడ్డే. కాలు బయటపెడితే లారీ చక్రం. అవ్వ నడవలో గోడకానుకుని కూర్చునేది. మొదట్లో అలికిడైతే తల తిప్పి చూసేది. తర్వాత్తర్వాత అదీ మానేసింది. సంగటి ముద్దలో సగం పళ్ళెంలోనే వదిలేసేది. అంతకుముందు ఊరిబిండి పచ్చడిలో ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైతే మా అమ్మకు ఏడుతరాల పురాణం వినిపించేది. ఇప్పుడు ఉప్పు లేకపోయినా అడగదు. ఒకరోజు మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఏమైందమ్మా అని అడిగితే, "మీ అవ్వ నన్ను తిట్టి నెలైందే" అని బావురుమంది.

నాయన వైద్యుణ్ణి పిలుచుకొచ్చాడు. ఆయన నాడి చూసి, నాయన్ను పెరట్లోకి తీసుకుపోయి చెప్పిన మాట తలుపు చాటునుంచి నేను విన్నాను. "రోగమేం లేదప్పా. మనిషికి మనుషులు లేరు, అంతే. ఇట్లే ఉంటే ఇంగొక ఎండాకాలం చూడదు." నాకు చావు గురించి అంతకుముందు తెలియదు. ఆ మాట వినగానే పరుగెత్తి పోయి అవ్వ కొంగు పట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే మా ఊరికి పార్కు వచ్చింది. మునిసిపాలిటీ చైర్మన్ మంచి పేరున్న ప్లీడరు. మద్రాసు పోయి అక్కడ పార్కు చూసొచ్చాడు. అలాంటిది మన ఊళ్ళో ఎందుకుండకూడదనుకున్నాడు. ఆయన బుద్ధి మంచిదే, కాదనను. కచ్చేరీకీ చెనక్కాయల మండీ గోదాముకూ మధ్య ఉన్న ఖాళీ జాగాలో, సరిగ్గా నడిమధ్యన గుండ్రంగా ఒక ఫౌంటెన్, దాని చుట్టూ పన్నెండు బెంచీలు వేయించాడు. బెంచీలు వేరే ఊరివి ఎందుకు, మన బండ గొప్ప అందరికీ తెలియాలని, నల్ల బండను అద్దంలా నునుపు చేయించి మరీ వేయించాడు. మద్రాసును చూసి మురిసిపోయి, మా ఊరి ఎండను మరిచిపోయాడు.

చుట్టూ ఇనుప కమ్మీలు. ఈలతో ఒక కావలివాడు. గేటు మీద బోర్డు: గడ్డి తొక్కరాదు, పూలు కోయరాదు, నీళ్ళలో దిగరాదు, గంపలతో మూటలతో లోపలికి రారాదు. గడ్డి మొలవలేదు, పూలు పూయలేదు, ఫౌంటెన్‌లో నీళ్ళు మొదటి రోజు తప్ప రాలేదు. ఇక మిగిలింది గంపల వాళ్ళు. కావలివాడి ఈలంతా వాళ్ళ మీదే.

ప్రారంభోత్సవం ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దాటాక జరిగింది. చైర్మన్ చాలాసేపు మాట్లాడాడు. ఇది ప్రజల స్థలం, ఇందులో మొదట కూర్చునే భాగ్యం నాది అని చెప్పి, చప్పట్ల మధ్య తెల్లటి పంచె సర్దుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం చాలామంది చూడలేదు, లేవడం మాత్రం ఊరంతా చూసింది. పెద్దవాళ్ళు పెదాలు కొరుక్కున్నారు. మా పిల్లలం కొరుక్కోలేదు. ఆ సాయంత్రం మా నాయన నా చెవి మెలిపెట్టాడుగానీ, ఆయన మీసం కింద కూడా నవ్వు ఉంది. ఆ తర్వాత ఆ పార్కులోకి కాకి కూడా పోలేదు.

ఈ కథ అవ్వకు చెప్పాను. చైర్మన్ ఎగిరి లేచిన తీరు నటించి చూపించాను. చాన్నాళ్ళకు అవ్వ పెదాలు కదిలాయి. అదే అదనుగా, "ఆ బెంచీ చూపిస్తా రా అవ్వా" అని చెయ్యి పట్టుకున్నాను. ఏమనుకుందో, కర్ర అందుకుంది. అంత దూరం నడవడానికి నాలుగుచోట్ల ఆగాం.

పార్కులో బండలు వేసే సాయిబు తాత ఒక్కడే ఉన్నాడు. విరిగిన అంచు ఏదో సరిచేస్తున్నాడు. మా వీధి అరుగులన్నీ ఒకప్పుడు వేసింది ఆయనే. అవ్వ కొత్త కోడలిగా వచ్చినప్పటినుంచీ అక్కా తమ్ముడూ అని పిలుచుకునేవాళ్ళు. అవ్వ కర్రతో బెంచీని తట్టి, "ఏం తమ్ముడూ, నీకు మతి పోయిందా? ఎండ నడిమధ్యన పెనం పెట్టినావే!" అంది.

సాయిబు తాత తలకు చుట్టిన గుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "నేనేం జేద్దునక్కా? సెప్తి గదా, నున్నగా జేస్తే కాలుతాదని. ఇన్యారా? మద్రాసు బొమ్మ సూపించి అట్లే ఏయమన్యారు. ఒక పొద్దు కూచోనిస్తిరా నన్ను?"

ఆ మాట నాకు అర్థం కాలేదు. ఒక పొద్దు కూర్చోవడమేమిటని అడిగాను. అప్పుడు చెప్పింది అవ్వ. పాతకాలంలో అరుగు వేయడానికి పిలిస్తే, సాయిబు తాత మొదటిరోజు పనిముట్టు తెచ్చేవాడు కాదట. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ ఇంటి ముందర ఊరికే కూర్చునేవాడట. ఇంటి ఆడమనిషి ముగ్గుపిండి తీసుకుని, నీడ జరిగినప్పుడల్లా దాని అంచున ఒక గీత గీసేది. మరునాడు ఆ గీతలు చూసుకుని బండ వేసేవాడు. "కూచోవడమే సగం పని. వానికి కూచోబుద్దయిన తావులోనే ఊరోళ్ళకు కూచోబుద్దయితాది" అంది అవ్వ. కొత్తగా ఇళ్ళు కట్టేవాళ్ళకు అంత ఓపిక లేక ఆ పద్ధతి పోయిందట.

ఉన్నట్టుండి అవ్వ, "అయితే ఇప్పుడు గీద్దాం" అంది.

"ఇంటి ఆడమనిషి గీయాల గదక్కా. దీనికి ఇంటిదెవురు?"

"ఊరి తావు గదా ఇది. నేనుండాన్లే" అంది అవ్వ. మూడు నెలల తర్వాత ఆ గొంతు విన్నాను. నాకు గంతులేయాలనిపించింది.

ఇంట్లో నాయన తల పట్టుకున్నాడు. "అమ్మా, సర్కారు జాగాలో గీతలు గీస్తే నా ఉద్యోగం ఉంటాదా?" "నీ ఉద్యోగం పోయేంత లావు గీతలు గీయనులేరా" అంది అవ్వ. ఆదివారం తెల్లవారేసరికి మాత్రం మంగంపేట దిక్కునుంచి వచ్చే ముగ్గురాయి పిండి రెండు డబ్బాలు గడప లోపల ఉన్నాయి. ఎవరు తెచ్చారో ఎవరూ అడగలేదు.

పార్కులో అడుగుపెట్టగానే ఈల మోగింది. "ఏందవ్వా ఇది? యేం జేస్తాండావు?" అని కావలివాడు ఎగబడ్డాడు. అవ్వ నిదానంగా, "ఆ బోర్డు సదువు పాపా" అంది నాతో. నేను బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు గట్టిగా చదివాను. "ముగ్గేయగూడదని ఉండాదా?" "లేదవ్వా." "మళ్ళా సదువు." మళ్ళీ చదివాను. లేదు. కావలివాడు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు.

అవ్వ వంగలేదు. కర్ర చివరతో నీడ అంచు చూపిస్తూ నడిచేది, నేను వంగి గీత గీసేదాన్ని. పొద్దున గోదాము గోడ నీడ పడమటికి ఎంతో దూరం పరుచుకుని ఉంది. సాయిబు తాత ఆ నీడలో గొంతుక్కూర్చుని, అటూ ఇటూ జరిగి, గాలి ఎటునుంచి వస్తోందో చూస్తున్నాడు. ముసలిది పార్కులో ముగ్గేస్తోందట అని వీధంతా పొక్కింది. చూసి పోదామని వచ్చిన ఆడవాళ్ళు నిలబడ్డారు, నిలబడ్డవాళ్ళు కూర్చున్నారు, కూర్చున్నవాళ్ళు ఇళ్ళకు మనుషులను పంపి చాటలు తెప్పించుకున్నారు. మా అమ్మ బొరుగులు తాలింపేసి ఉగ్గాని తెచ్చింది. అవ్వ రెండు పిడికిళ్ళు తిని, "ఇంత ఉప్పా? సముద్రం తెచ్చి పోసినావా?" అని గదమాయించింది. అమ్మ అటు తిరిగి నవ్వుకుంటూ కళ్ళు ఒత్తుకుంది.

భోజనాలు దాటాక గోదాము నీడ తరిగిపోయింది, కచ్చేరీ గోడ కింద నీడ మొలిచింది. ఎవరూ చెప్పలేదు. అందరూ ఒక్కసారే లేచి, చాటలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని, పార్కు అడ్డంగా దాటి అటు గోడ దగ్గరికి పోయారు. పోతూ పోతూ ఆ పన్నెండు బెంచీల మధ్యలోంచే నడిచారు. ఒక్కరూ వాటి మీద కూర్చోలేదు.

మరునాడు బడి వదిలే వేళకు చైర్మన్ వచ్చాడని తెలిసింది. నాయన నా చెయ్యి పట్టుకుని పరుగులాంటి నడకతో పార్కుకు తీసుకుపోయాడు. నేల మీద తెల్లటి గీతలు. చైర్మన్ ముఖం కందగడ్డ. ఎదురుగా కర్ర మీద ఆనుకుని మా అవ్వ.

"ఎవరు చేశారిది? మద్రాసులో అయితే జైల్లో వేస్తారు" అని అరుస్తున్నాడు చైర్మన్.

అవ్వ నోరు తెరవబోయింది. అంతకంటే ముందే మా నాయన జనాన్ని తోసుకుని వెళ్ళి నిలబడ్డాడు. "మా అమ్మ చేసింది సార్. పిండి నేను తెచ్చిచ్చినా. గీసింది నా కూతురు. నన్నేం చేసినా సరే, ఒక్క మాట వినండి." మా నాయన పై అధికారి ముందు అంత పెద్ద మాట అనడం నేను అంతకుముందు చూడలేదు. ఆ క్షణంలో ఆయన నాకు కచ్చేరీ గోడకంటే ఎత్తుగా కనిపించాడు.

అవ్వ కర్రతో చైర్మన్ కాళ్ళ దగ్గర చూపించింది. "నాయనా, నీ చెప్పుల కింద ఒక గీత ఉండాది, సూడు. అది నిన్న ఈ పొద్దుకు గీసింది."

అందరం వంగి చూశాం. కచ్చేరీ గోడ నీడ గీత దాకా వచ్చి, అంగుళం అటూ ఇటూ కాకుండా గీత మీద ఆగి ఉంది. చైర్మన్ సగం ఎండలో, సగం నీడలో నిలబడి ఉన్నాడు. ఒకడుగు ఇటు వేశాడు. మళ్ళీ అటు వేశాడు. మళ్ళీ ఇటు. ప్లీడరు కదా, సాక్ష్యం కళ్ళముందు పెడితే కాదనలేడు.

"మీరు కట్టింది సూసేదానికి బాగుండాది నాయనా. మేమడిగేది కూచునేదానికి. పొద్దున్న ఆ గోడ కింద ఆరు బండలు, మాపటికి ఈ గోడ కింద ఆరు. ఎదురూబొదురు ఏపించు. మనుషుల మొగాలు మనుషులు సూసుకోవాల గానీ, నీళ్ళు లేని గుంతను సూసి ఏం మాట్లాడుకుంటాం?"

ఎవరో కిసుక్కుమన్నారు. చైర్మన్ సాయిబు తాత వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అన్నాడు. "ఒక నాల్గు రోజులియ్యండి సామీ. నునుపు గొట్టి గరుకు జేస్తా" అన్నాడు తాత. చైర్మన్ చాలాసేపు గోడలను, గీతలను చూశాడు. ఆ తర్వాత ఆయన అన్న మాటకు ఈరోజుకూ దణ్ణం పెడతాను. "నాకు తెలియక చేశాను. మార్చెయ్యండి" అన్నాడు.

నాలుగు రోజులు కాదు, రెండు రోజులే పట్టింది. మండీ హమాలీలు పిలవకుండానే వచ్చారు. దుంగల మీద పెట్టి బండలను దొర్లిస్తుంటే, అరుగులు పోగొట్టుకున్న మా వీధి వీధంతా వెనకాల నడిచింది. సంత వైపు మూసి ఉన్న చిన్న గేటు తెరిచారు. బోర్డు మీద గంపల మాట కొట్టేశారు. కొట్టేసింది ఎవరనుకున్నారు? ఈల పక్కనపెట్టి, సున్నపు కుంచె పట్టుకుని, ఆ కావలివాడే.

మూడోరోజు సాయంత్రం చూడాలి ఆ పార్కును! బస్సు దిగిన వాళ్ళు మూటలతో, సంత ముగించుకున్న వాళ్ళు ఖాళీ గంపలతో, కచ్చేరీలో గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ పక్కపక్కన. బొరుగుల వాసన, బీడీల వాసన, మల్లెపూల వాసన. ఒక చివర మగవాళ్ళు పులిజూదం గీసుకున్నారు. చంటిపిల్ల ఒకతి గరుకు బండ మీద ఆదమరిచి నిద్రపోతోంది. మా అవ్వ మధ్య బండ మీద, చుట్టూ పదిమందితో, మూడు నెలలుగా ఆగిపోయిన సంగతులన్నీ ఒక్కపూటలో రాబట్టుకుంటోంది. పిల్లలం అటు గోడనుంచి ఇటు గోడకు పరిగెత్తి పరిగెత్తి అరిచాం. అంత గెలుపు నా బతుకులో నేను మళ్ళీ చూడలేదు.

పొద్దు గూకబోతుండగా చైర్మన్ ఒంటరిగా వచ్చాడు. ఒక్క బండ కూడా ఖాళీ లేదు. తాను కట్టించిన పార్కులో తనకే చోటు లేక, కండువా సవరించుకుంటూ ఒక పక్కన నిలబడ్డాడు. జనం గొంతులు తగ్గాయి. కొందరు లేవబోయారు. మా అవ్వ చెయ్యెత్తి వాళ్ళను ఆపింది.

"లేయొద్దండి. రోంత జరగండమ్మా" అని, తను కూడా ఇటు జరిగి, పక్కన బండ మీద అరచేత్తో తట్టింది. "రా నాయనా, కూచో. నిలబడే ఉండావే! నీళ్ళు తాగుతావా?"

ఆయన వచ్చి కూర్చున్నాడు. అవ్వ ఇచ్చిన చెంబెత్తి నీళ్ళు తాగాడు. కాసేపటికి లేస్తూ, "ఇంకేమన్నా కావాలా అవ్వా?" అని అడిగాడు. ఏదైనా అడిగితే చేయించేటట్టే ఉంది ఆయన ముఖం.

"ఇంగేమీ వద్దు నాయనా. రేపు గూడా రా" అంది అవ్వ.

ఆ మాటలో ఏముందని అప్పుడు అనుకున్నాను. తర్వాత ఆమె ఎన్నో ఎండాకాలాలు చూసింది. రోజూ ఎందరినో అలాగే పిలిచింది. ఇప్పుడు ఆమె వయసు నాకూ వచ్చాక తెలుస్తోంది. అంతకుముందు మూడు నెలలూ మా అవ్వ ఎవరినీ రమ్మని పిలవలేదు. రమ్మనడానికి ఆమెకొక తావుంటే కదా!